రంగు బక్కెట్లు

మా ఆయన రంగులేస్తడు,
ఊరందరి ఇండ్లకు.
పనైపోయిన నాడు ఇరవై లీటర్ల ఖాళీ బక్కెట
బండెనక కట్టుకొని తెస్తడు.
సలాక కాల్చి అడుగున నాలుగు బొక్కలు
నేనే పెడత.

పిల్లల డాక్టరు ఇంటి పసుపుల టమాట.
బట్టల దుకానం గులాబిల వంకాయ.
ఫంక్షన్ హాలు నీలంల పుంటికూర,
ఎంత తెంపినా మళ్ల మొండిగ లేస్తది.
సర్కారు ఆఫీసు తెలుపుల మాత్రం ఏం పెట్టినా పట్టదు.
మూడేండ్ల సంది కొత్తిమీర చల్లుతున్న,
గడ్డే మొలుస్తది, అదీ సన్నగ.

మట్టి పానగల్లు చెరువుది,
పూడిక తీసిన ఏడు ట్రాక్టరాయన
గేటు ముందర పారవోసి పోయిండు.
మేక పెంటికలు మా చిన్నమ్మ పంపుతది,
చండూరు బస్సుల, బియ్యం సంచిల.
కండక్టరు ముక్కు మూసుకొని
సంచికి టికెట్టు కొడతడు.

మొదట్ల బోరు నీళ్లే పోసేదాన్ని.
నెల తిరిగేసరికి బక్కెట అంచుకు, మట్టి మీద
తెల్లగ పేరుకున్నది.
మా అత్త వచ్చి గోటితోని గీకి చూసింది.
ఏమనలే.
మోకాళ్లను రెండు చేతులతోని పట్టుకొని
మెట్లు దిగింది, ఒక్కొక్కటి, అడ్డంగ.
ఆ మర్నాటి సంది నల్లా నీళ్లే.
దినం తప్పి దినం వచ్చే కృష్ణల
మాకు రెండు బిందెలు తక్కువ.
బియ్యం కడిగినవి, కూర కడిగినవి
ఏవీ మోరిల పడవు.

ఇంటాయన చంద్రమౌళి సారు
ఒకనాడు మిద్దెక్కి చూసిండు.
స్లాబు నెమ్ము పడుతున్నదన్నడు.
బీరకాయలు మంచిగున్నయమ్మా అన్నడు,
రెండు తెంపుకున్నడు,
నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నడు.
అన్నీ ఒక్క గొంతుతోనే.

ట్రాలీ ఆటోల ముందు బక్కెట్లెక్కినయి,
తర్వాతనే మంచం, బీరువా.
టమాట నడుముకు పాత చీర పేలిక కట్టిన.
పిల్లగాడు మిరపచెట్టును ఒళ్లె పెట్టుకున్నడు.
క్లాక్ టవర్ కాడ ట్రాఫిక్ పోలీసు
పొలం అమ్మి వస్తుండ్రా, కొనుక్కొని పోతుండ్రా
అని నవ్విండు.
మాకు పొలం ఎన్నడూ లేదని
చెప్పేలోపల పచ్చలైటు పడ్డది.

బీరతీగ ఒక్కటే రాలే.
అది పిట్టగోడ దాటి పోయి
పక్కింటి నస్రీన్ కిటికీ జాలిని
సన్నని వేళ్లతోని చుట్టుకొని ఉన్నది.
విప్పుదామని కూసున్న.
ఒక నులి విప్పితె ఇంకొకటి తెగుతున్నది.
కత్తెర తెచ్చింది నస్రీనే.
తెచ్చి, కొంగుల దాసుకున్నది. ఇయ్యలే.
బక్కెటనే ఇటు దించరాదు అన్నది.
ఇద్దరం చెరొక దిక్కు పట్టి
గోడ మీదికెల్లి దాటించినం,
నవ్వుకుంట, తిట్టుకుంట,
ఆ బరువుకు నడుములు పట్టుకుంట.

కొత్తింట్ల మాది కింది వాటా.
ఎండ తొమ్మిదింటికి వస్తది,
గేటుకాడ జానెడు జాగల నిలబడి
పదకొండుకు లేచిపోతది.
బక్కెట్లను దాని ఎనక జరుపుకుంట పోత,
గేటు కాడికెల్లి మోటరు కాడికి,
మోటరు కాడికెల్లి బట్టలుతికే బండ కాడికి.
వంకాయ అలిగింది.
టమాట పొడుగు సాగి కాసుడు మరిచింది.
పుంటికూరకే, ఏ ఇల్లయినా ఒకటే.

నిన్న నస్రీన్ కొడుకు బడికి పోతు పోతు
సైకిలు గేటుకు ఆనిచ్చి
ఎండిన బీరకాయ ఒకటి చేతిల పెట్టిండు.
ఊపితె గలగలమన్నది.
"కొనకున్న మూత తీస్తె ఇత్తులు రాలుతయని
అమ్మీ చెప్పమన్నది.
ఆంటీకి తెల్వదా అంటే,
తెలుసు, అయినా చెప్పు అన్నది."

వాడు పోయినంక యాదికొచ్చింది
ఆ బక్కెట రంగు.
లేత ఆకుపచ్చ, చంద్రమౌళి సారు ఇంటిదే.
రెండు నెలల కిరాయి కింద
మా ఆయన ఒక్కడే నిచ్చెనెక్కి ఏసిన రంగు.
ఇప్పటికీ వెలవలేదంట, ఆ దిక్కు పోయినప్పుడు
మెల్లగ బండి ఆపి చూస్తడంట.

రాత్రి ఇంకొక బక్కెట తెచ్చిండు.
ఎవరి ఇంటిదో అడగలే.
స్టవ్వు మీద సలాక పెట్టిన,
ఎర్రగయితున్నది.