నలభై మూడు గీతలు

నాకు ఆటోగ్రాఫు పుస్తకమంటూ లేదు.
మా నాన్న ఒరెస్తె బాకీల పుస్తకమే ఉండేది:
నల్ల అట్ట, సబ్బు నురగ ఎండిన మరకలు,
మనిషికో పేజీ,
గీసిన ప్రతి గడ్డానికీ ఒక గీత.
రోము అయిపోయి గోధుమ చేలు మొదలయ్యేచోట
ట్రాము పట్టాల పక్కన మా క్షవరం కొట్టు.
నాలుగు వీధులు దాటితే స్టూడియో గేటు.

మధ్యాహ్నం నాన్న కునుకు తీయగానే
పుస్తకం చొక్కాలో దోపుకుని పరుగో పరుగు.
గేటు అవతల పైను చెట్ల నీడన
చక్రవర్తులూ బానిసలూ ఒకే బల్ల మీద
రొట్టె, ఉల్లిపాయ నములుతుండేవాళ్లు.
సింహానికి మాత్రం విడిగా మాంసం.

ఫ్లోరియానా దెస్తె కారు దిగిన రోజు
నా పెన్సిలు ముక్కు విరిగింది.
ఆమె కనుబొమలు దిద్దే పెన్సిలు తీసి
"ఎవరి పేరు రాయను?" అంది.
నా పేరు నాకు గుర్తు రాలేదు.
పేజీ మీదున్న పేరు చదువుకుని
"రెమీజియోకి, ప్రేమతో" అని రాసేసింది.

రెమీజియో మా వీధి బొగ్గులవాడు.
పదకొండు గడ్డాలు బాకీ.
నాన్న ఆ పేజీ చూపించి డబ్బడిగితే
గీతల వైపు చూడనేలేదు, ప్రేమ ఒక్కటే చూశాడు.
కాగితం చించి ఇస్తే అణా పైసలతో తీరుస్తానన్నాడు.
నేనివ్వనన్నాను.
ఆ రాత్రి నా వీపు విమానం మోత.

పెద్ద హీరో ఒకాయన
కారు బానెట్ మీద పుస్తకం ఆనించి
ఎవరితోనో మాట్లాడుతూనే సున్నాలాంటిది చుట్టాడు.
అదీ దాచుకున్నాను.

ఇక ఎజీదియో.
తెర పేరు వేరే ఉండేది, తెరమీద ఎప్పుడూ పడలేదు.
గడ్డం నున్నగా ఉంటేనే రోమన్ సైనికుడి వేషం,
వేషం దొరికితేనే గడ్డానికి డబ్బు.
అలా ఈస్టరు నుంచి నలభై మూడు గీతలు.
నాన్న ఒక్కసారీ అడగలేదు.
"బల్లెం బాగా పడతాడ్రా" అనేవాడు, అంతే.

వానరోజు. గేటు చూరు కింద
ఇనుప టోపీ చంకలో పెట్టుకుని
తడిసిన సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు.
పుస్తకం చాపాను. సంతకం, అన్నాను.
ఒళ్లంతా రాగిరంగు పూత,
మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.
"నాన్న పంపాడా?"
నోరు పెగల్లేదు నాకు.
గీతలన్నీ వేలితో లెక్కపెట్టాడు, ఒకటి రెండుసార్లు.
తర్వాత గోడకానించి, కోర్టు కాగితం మీద పెట్టినట్టు,
పుట్టిన పేరు, ఊరి పేరు, తేదీ.
ఒక్క అక్షరం కూడా తొందరపడలేదు.
ఆ పుస్తకంలో అంత అందమైన చేవ్రాలు ఇంకోటి లేదు.
"శనివారం కూలి ఇస్తారు" అన్నాడు.
మీరు నాకిష్టం అని చెప్పాలి అప్పుడు.
ట్రాము వచ్చింది. ఎక్కేశాను.

శనివారం ఇరవై గడ్డాల డబ్బు కొట్టులో పెట్టి వెళ్లాడు.
నాన్నకు అర్థం కాలేదు.
మళ్లీ మా కుర్చీలో కూర్చోలేదు ఎజీదియో.
ఆ తర్వాత సినిమాల్లో నేను వెతికి వెతికి పట్టుకునేవాణ్ణి:
ఖైదీగా, బందిపోటుగా, గొర్రెల కాపరిగా,
ఎక్కడ చూసినా
మాసిన గడ్డంతో.

మొన్న చలికాలం తొరీనో నుంచి ఒకాయన వచ్చాడు,
పాత సంతకాలు కొంటాడట.
బొగ్గులవాడి ప్రేమకు మంచి ధర చెప్పాడు.
సున్నాకు ఇంకా మంచి ధర.
ఎలాగూ కూర్చున్నాడు కదా అని సబ్బు రాస్తుంటే
ఒడిలో పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.
"ఇది సంతకమా, పత్రమా? ఎవరీ మనిషి?"
ఇరవై గీతలు కొట్టేసి ఉన్నాయి.
ఇరవై మూడు అలాగే ఉన్నాయి.
కత్తి అతని గొంతు దగ్గరుంది.
"గడ్డం కదపకండి" అన్నాను.