రోలర్ మీద రెండు వందల పది

సల్మాబాద్‌లో మా షెడ్డు.
పొద్దున ఎనిమిదికే నలభై దాటే బహ్రెయిన్ ఎండల్లో
నేను రోజూ గంటకు రెండు వందల వేగంతో పోతాను.
ఎక్కడికీ పోను.
వెనక చక్రం కింద ఇనుప రోలర్ తిరుగుతుంటుంది,
ముందు చక్రాన్ని గుంజి కట్టిన నాలుగు పట్టీలు,
మొహానికో పెద్ద ఫ్యాను,
ఎదురుగా గోడ, గోడ మీద పోయినేడు క్యాలెండరు.
మా ఆర్మూర్‌లో నువ్వుల గానుగ తిప్పిన ఎద్దు
నన్ను చూస్తే నవ్వుతుంది.
అదైనా నాలుగడుగులు వేసింది.

హమూద్ సాబ్ తెచ్చిన క్రూయిజర్
మూడు వందల ముప్పై కిలోలు.
రెండే సిలిండర్లు, ఒక్కోటి లీటరు చెంబంత.
రేవులో ముప్పై ఏళ్లు ఓడల్ని ఒడ్డుకు చేర్చినాయన,
ఎంత మెల్లగా తేవాలన్నదే ఆయన కొలువు.
రిటైరయ్యాక కావలసింది టాప్ స్పీడు.
"భోజన్, రెండు వందలు దాటాలి. ఒక్కసారి చాలు."

సాబ్, ఇది పడక కుర్చీ అన్నాను.
కాళ్లు ముందుకు చాపి, ఛాతీ విప్పి కూర్చుంటారు.
నూట యాభై దాకా గాలి మీ మాట వింటుంది,
ఆ పైన అప్పులోడిలా గల్లా పట్టుకుంటుంది.
వేగం పదో వంతు పెరగాలంటే
బలం మూడో వంతు పెరగాలి.
ఏజెంటుకు కట్టిన పైసలకు మిత్తి లెక్క చూసినోణ్ణి,
ఇది నాకెవరూ నేర్పనక్కర్లేదు.

వినలేదు. ఎవరూ వినరు.
వింటే నాకు జీతమేదీ?

ఫిల్టరు మార్చాను, సైలెన్సర్ గొట్టాలు మార్చాను.
క్యామ్‌షాఫ్ట్ వచ్చేసరికి రంజాన్ వచ్చింది.
రాత్రి పదకొండు తర్వాత పని.
రోడెల్ ల్యాప్‌టాప్ పట్టుకుంటే నేను థ్రాటిల్ పట్టుకున్నాను.
పెట్రోలు ఒక పాలు, గాలి పదమూడు పాళ్లు.
పెట్రోలు తగ్గితే పిస్టన్ మాడుతుంది,
ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది.
పప్పులో ఉప్పు లాంటిదే,
కాకపోతే నిమిషానికి రెండున్నర వేల సార్లు వెయ్యాలి.
వేడి గాలి పలచన; జనవరిలో ఇచ్చిన బలం
అదే బండి ఆగస్టులో ఇవ్వదు.
మనుషులూ అంతేనంటాడు రోడెల్.
అతనికి అన్నీ మనుషుల్లాగే కనబడతాయి.

ఆఖరి రాత్రి రెండు వందల పది.
తెర మీద ఎర్రగీత ఎక్కింది, వణికింది, నిలిచింది.
పైకప్పు రేకులు దడదడ.
పక్క షెడ్డులో కార్లకు రంగు కొట్టే తిరునల్వేలి కుర్రాడు
లుంగీ సర్దుకుంటూ లేచొచ్చాడు.
హమూద్ సాబ్ ఆ కాగితాన్ని పెళ్లిపత్రిక మడిచినట్టు మడిచాడు.
రోలర్ మీద ఎదురుగాలి లేదు సాబ్,
కాగితం మీద అసలే ఉండదు అన్నాను.
ఈ దీవి పొడుగే యాభై కిలోమీటర్లు,
ఆ వేగంతో పోతే పావుగంటలో సముద్రం.

ఆరు వారాలకు తిరిగొచ్చాడు.
ఎంత పోయింది సాబ్?
"సఖీర్ ట్రాక్ మీద నూట ఎనభై నాలుగు.
మెడ పట్టేసింది. సరే, అది కాదు.
సిగ్నల్ దగ్గర ఆగితే ఇది నా బండిలా లేదు.
ముందు ఆగి ఆగి కొట్టుకునేది,
ఇప్పుడు మెట్లెక్కొచ్చినోడిలా రొప్పుతోంది."

నిజమే. పెద్ద క్యామ్‌కు నిలకడ ఉండదని
నేనే ఐడిల్ వెయ్యి దాటించాను.

మెల్లగా కొట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది.
తొమ్మిది వందలు. ఎనిమిది వందల యాభై.
ఇరవై తగ్గించగానే ఆయిల్ దీపం కన్నుకొట్టింది,
మళ్లీ పది పెంచాను.
దబ్. దబ్‌దబ్. దబ్.
వాడకట్టులో మంట దగ్గర డప్పు కాచి,
దరువెయ్యక ముందు వేలితో తట్టి చూస్తారే, అట్లా.
హమూద్ సాబ్ కళ్లు మూసుకుని విన్నాడు,
ఏ ఓడ గుర్తొచ్చిందో.

టాప్ స్పీడు బిల్లు ఆరు వందల దినార్లు.
దీనికి ఏ గడిలో ఎంత రాయాలో రోడెల్‌కు తెలియలేదు.

నాకిక్కడ లైసెన్సు లేదు. క్యాంపుకు కంపెనీ బస్సే.
ఆగినప్పుడల్లా ఒళ్లంతా కుదుపు.
మూడో ఇంజెక్టర్ చూపించు చేటా, అని చెప్పాను డ్రైవరుకు.
నవ్వాడు.
అరవై దాటని బస్సులో
కిటికీ పక్క సీటు దొరికింది.