గొలుసు రెండో కొస

మా పై పోర్షన్ పిల్ల హంసిని, ఏడో తరగతి.
ప్లానెటేరియం చల్లటి చీకట్లో మెడ వెనక్కి వాల్చి
చుక్కలింకా పూర్తిగా పొడవకముందే చెయ్యెత్తింది:
"విశ్వం పెరుగుతోందన్నారు కదా, దేనిలోకి?"
చూపిస్తున్న కుర్రాడు టార్చి ఆర్పాడు.
"దేనిలోకీ కాదమ్మా" అన్నాడు.
పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.
ముప్పై ఒక్క ఏళ్లు సర్వే గొలుసు పట్టినవాణ్ణి,
దేనిలోకీ కాకుండా జానెడు పెరిగినదాన్ని
నేనెక్కడా చూడలేదు.

ఈ ఊరు పెరగడం నాకు తెలుసు.
సర్జాపుర దాటాక రాగిచేలోకి పెరిగింది,
వెన్నులింకా పాలమీద ఉండగానే.
ద్రాక్షతోటలోకి, ఆ పందిరి రాతికడ్డీల మధ్యలోకి,
వాననీటి కాలువలోకి,
గొర్రెల దొడ్డిలోకి, దొడ్డి యజమాని సంతకంలోకి,
సంతకం రాదంటే వేలిముద్రలోకి.
ప్రతి "లోకి"కీ ముందు ఎవరిదో ఒక పేరు.
నా ఫీల్డుబుక్కులో అన్నీ పెన్సిలుతో ఉన్నాయి,
చెరిపితే చెరిగేట్టు.

ముప్పై మూడడుగుల గొలుసు మాది, పదహారణాల గుర్తులు.
వాడగా వాడగా అదీ సాగేది.
ఆఫీసు వెనక పాతిన రెండు రాళ్ల మధ్య పరిచి
అప్పుడప్పుడూ సరిచూసేవాళ్లం.
మరి లోకమే సాగుతుంటే
ఆ రెండు రాళ్లు ఎక్కడ పాతాలి?

తిరుగు బస్సు హెబ్బాళ ఫ్లైఓవరెక్కి ఆగిపోయింది.
"బెలూను గదిలోకి ఉబ్బుతుంది కదా తాతా. గదో?"
"ఇంట్లో."
"ఇల్లో?"
"బెంగుళూరులో."
"బెంగుళూరో?"
చూస్తున్నావుగా తల్లీ, అరగంటగా ఇక్కడే ఉంది.

"లోకి"కి ముందు నామవాచకం ఉండి తీరాలని
మా తెలుగు మాస్టారు బెత్తం ఊపుతూ చెప్పారు.
ఆ వ్యాకరణం భూమికి సరిపోయింది.
లోకం దగ్గరికొచ్చేసరికి ముందు పెట్టడానికి మాట లేదు.
సున్నా తీసేసి గుడి పెడితే
లోకమే "లోకి" అయి కూర్చుంటుంది,
ఇక ఎందులోకని అడిగేది?

యలహంకలో నా ఇల్లు. బనశంకరిలో గంగులప్ప ఇల్లు.
గొలుసు ఈ కొస నాది, ఆ కొస తనది, ఇరవై రెండేళ్లు.
బిగించి నేను "ఆఁ!" అంటే
తుప్పల అవతల్నుంచి "ఆఁ!" అనేవాడు.
రెండు కేకల మధ్య నేలకి లెక్క కుదిరేది.
రిటైరైన కొత్తలో యాభై నిమిషాల్లో వెళ్లేవాణ్ణి.
తర్వాత గంటన్నర.
ఇప్పుడు రెండున్నర, వానొస్తే ఆ లెక్కా లేదు.
నా ఇల్లు కదల్లేదు. తన ఇల్లు కదల్లేదు.
మధ్యలో కొత్త నేల తెచ్చి ఎవరూ పొయ్యలేదు.
వాళ్లావిడ పోయినప్పుడు వెళ్లాను,
అంతే, మళ్లీ వెళ్లలేదు.
ఆ దూరం దేనిలోకి పెరిగిందంటే
నేనూ ఆ కుర్రాడిలాగే టార్చి ఆర్పాలి.

అతను చివర్లో ఇంకో మాటన్నాడు,
పిల్లలు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు.
ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నవి సాగవట,
భూమీ చంద్రుడూ, రాయీ, మన చేతివేళ్లూ.
పట్టు లేని చోటే ఎడం పెరుగుతుందట.

ఫోను తీశాను. చాలాసేపు మోగింది.
"ఎవురూ?"
చెవుడొచ్చిందని కోడలు చెప్పింది ఆమధ్య.
పేరు చెప్పాలనిపించలేదు.
బస్సంతా తిరిగి చూసేలా "ఆఁ!" అన్నాను.

అటు ఏమీ లేదు.
ఫ్యాను చప్పుడు, కుక్కర్ కూత,
హంసిని వేళ్లమీద లెక్కపెడుతోంది, నాలుగు, అయిదు,
పాత చుక్క వెలుగులా ఆలస్యంగా
"ఆఁ!"

బస్సు కదిలింది.
ముప్పై మూడడుగులుంటుందేమో, మళ్లీ ఆగింది.