వెదురు ముల్లు

కనజావాలో మా అమ్మ దుకాణం గుర్తుందా అని అడుగుతున్నావు.
దుకాణం కాదు, వాసన గుర్తుంది.
కాలిన బొగ్గు, తడిజుట్టు,
ముక్కుపుటాలదిరే మందునీళ్ళు.

మొదట్లో కరెంటు యంత్రం ఉండేది,
కప్పునుంచి వేలాడుతూ, తీగల చివర క్లిప్పులతో,
తలకిందులైన సాలీడులా.
ఒకరోజు జుట్టుకి కరెంటు వాడకూడదన్నారు.
అమ్మ తీగలు కోసేసి
క్లిప్పుల్లో నిప్పుకణికలు పెట్టడం నేర్చుకుంది.
బొగ్గు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.
తలుపుమీద ఆ కాగితం రాసింది నేనే,
పదకొండేళ్ళదాన్ని,
బొగ్గు అన్నమాట కాస్త వంకరపోయింది.

తాజు గారు రుమాల్లో చుట్టి నాలుగు ముక్కలు తెచ్చింది.
ఆ నాలుగూ అంటే ఆ పూట అన్నం.
బియ్యం నానబోసి వచ్చానంది,
ఉడక్కపోయినా నానితే మెత్తబడతాయి కదా అని నవ్వింది.
బర్మాలో ఉన్న భర్తకి ఫోటో పంపాలి.
ఒంటిమీదున్నది పెళ్ళినాటి పట్టు.
పొడుగు చేతులు కత్తిరించి,
కింద చీల్చి రెండు కాళ్ళుగా కుట్టి,
చీలమండల దగ్గర నాడా బిగించి
అందరిలాగే మొంపే చేసుకుంది.
అద్దకపు కొంగ ఒకటి కుట్టు దగ్గర తెగింది.
తల ఒక కాలిమీద, రెక్క ఇంకో కాలిమీద.
నిలబడితే కలుస్తుంది,
నడిస్తే విడిపోతుంది.

ఉంగరాల జుట్టు కనబడితే చాలు
వీధిలో పిల్లలు వెంటపడి అరిచేవాళ్ళు.
నేనూ అరిచాను, ఒప్పుకుంటున్నా,
మా వీధిలో కాదు, రెండు వీధులవతల.

మేడమీద సెయికిచి మావయ్య.
ఒక కాలు పొట్టి కాబట్టి సైన్యం వద్దంది.
రికార్డులు అప్పగించమన్నప్పుడు
పదిహేడు ఇచ్చి, ఒకటి బియ్యపు డబ్బా వెనక దాచాడు.
శత్రువుల పాట. లేబులు గోకేశాడు,
పేరులేని పాట పట్టుబడదని.
ఉక్కు ముళ్ళు దొరకవు, ఉక్కంతా ఎటు పోతోందో తెలిసిందే.
వెదురు చెక్కి ముల్లు చేశాడు.
ఒక వైపు పాడగానే మొన మొద్దుబారుతుంది,
కత్తెరతో ఏటవాలుగా తుంచి మళ్ళీ పెట్టాలి.
గ్రామఫోనుకి దూదిదుప్పటి కప్పేవాడు.
ఉక్కుముల్లు మీద ఆ సాక్సఫోను ఎలా ఉండేదో నాకు తెలీదు.
వెదురు మీద మాత్రం
జ్వరం తగ్గినవాడెవడో పక్కగదిలో
గొంతు సవరించుకుంటున్నట్టుండేది.

నాలుగు ముక్కలూ చితక్కొట్టి
తాజు గారి తలలో పద్దెనిమిది కణికలు పెట్టింది అమ్మ.
తల కదపకూడదు.
పైన పాట మొదలైంది,
కింద తలుపు తెరుచుకుంది.
వీధి సంఘం ఓకి గారు,
లోహం లెక్కలు రాసే పుస్తకంతో.
ఉంగరాలేమైనా మిగిలాయా అంది.
వేళ్ళవి ఎప్పుడో ఇచ్చేశామండీ,
ఇక జుట్టులో ఉన్నవే, అంది అమ్మ.
తాజు గారు నవ్వకూడదు, నవ్వితే మెడ కాలుతుంది.

"ఏమిటా పాట?"
"జర్మన్ వాళ్ళదండీ."
"మిత్రదేశం," అంది ఓకి గారు, ఏదో రాసుకుంది.
కింద కూచుని వెంట్రుకలు ఊడుస్తున్నాను కాబట్టి చూశాను.
గడ్డిచెప్పులో ఆవిడ బొటనవేలు రెండుసార్లు లేచింది.
మూడోసారి లేవబోయి ఆగింది.

ఆగస్టులో ఒక రాత్రి తూర్పున ఆకాశం ఎర్రబడింది.
తొయామా అన్నారు.
మా ఊరిమీద బాంబు పడలేదు.
ఎందుకో ఎవరూ చెప్పలేదు.

తర్వాత కరెంటొచ్చింది, ఉక్కు ముళ్ళొచ్చాయి,
అదే పాట జీపు రేడియోలోంచి
నడివీధిలో, జంకూ గొంకూ లేకుండా.
ఓకి గారమ్మాయి ఉంగరాల జుట్టు కోసం వరసలో నిలబడింది.
మావయ్య కిటికీ మూసేశాడు.
"మరీ గట్టిగా ఉంది," అన్నాడు, "ఇది ఆ పాట కాదు."

తాజు గారు చలికాలంలో వచ్చింది.
రుమాలు విప్పి నాలుగు బొగ్గులు బల్లమీద పెట్టింది.
ఇప్పుడక్కర్లేదమ్మా, కరెంటుంది, అంది అమ్మ.
తెలుసంది.
ఉంగరాలొద్దు, చెవులదాకా కత్తిరించమంది.
అదే మొంపే.
మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూచుంది.
అమ్మ ఏమీ అడగలేదు.

ఆ బొగ్గులు ఆవిడ తిరిగి తీసుకోలేదు.
ఆ రాత్రి మేం వాటితోనే అన్నం వండుకున్నాం.
నాకు బాగా ఆకలేసింది.
రెండుసార్లు పెట్టించుకున్నాను.