పుర్రచెయ్యి

రోము మా చండూరుకు
కిలో పదకొండు రూపాయల లెక్కన వచ్చింది,
పాత కాగితాల కొట్టుకు,
పదో తరగతి గైడ్ల కింద
అట్ట లేని బొమ్మల పుస్తకమై,
చెదలు తినంగ మిగిలి.

అంతకు ముందొకసారి బంగారమై వచ్చిందంటరు.
కందిచేను దున్నుతుంటె కుండ పగిలి
ఎవరికో దొరికినయట బిళ్ళలు.
బిళ్ళ మీద ఎవడో రాజు, పొడుగు ముక్కు,
మెడ మీద కత్తిగాటు.
లోపల రాగి ఉన్నదేమోనని
ఏ షరాబో ఆనాడే కోసి చూసిండు.
రాజు ముఖమని నమ్మలే. మంచిపని చేసిండు.

బోర్డులు రాసే సైదులన్న
ఆ పుస్తకంలకెల్లి ఒక్క పేజీ చింపుకున్నడు.
నేనప్పుడు డిగ్రీ తప్పి
ఆయన దగ్గర రంగు డబ్బాలు కడుగుతున్న.

బొమ్మల సగం నలుపే.
నలుపులకెల్లి ఒక మోచెయ్యి, ఒక ఇనుప టోపీ,
ఎనుకకు జరిగిన రాజు గడ్డం.
నడుమ కుంపటి.
కుంపట్ల కుడిచెయ్యి పెట్టి
ఒక వయసు పిలగాడు
నల్లగొండ బస్సుకు చూస్తున్నట్టు నిలబడ్డడు.

"ఇది అలాయి గుండం గదరా," అన్నడు సైదులన్న.
"పీర్ల పండుగ రాత్రి."
కాదన్నా, రోము.
"రోముల పీర్లు లేవా?"

డిక్షనరీ పట్టుకొని మూడు రాత్రులు కూసున్న.
శత్రురాజును చంపబోయి
పక్కన కూసున్న గుమస్తాను పొడిచిండట.
ఆనాడు సిపాయిలకు జీతాలిచ్చే దినమట.
"అయ్యో గుమస్తా," అన్నడు. చానసేపు అదే అన్నడు.
దొరికినంక వాడు,
మీ మంటలు మమ్మల్నేం చేస్తయని
తన చెయ్యి తనే కాల్చుకున్నడట.

గీసినోడేమో రెండువేల ఏండ్లు గడిచినంక పుట్టిండు.
"చూడనిది ఎట్ల గీస్తడు?
వాళ్ళ గల్లీలోళ్ళను నిలబెట్టిండు.
ఈ సిపాయి మెడ చూడు.
ఇది కత్తి మోసిన మెడ కాదు, మూటలు మోసిన మెడ."
మళ్ళ బొమ్మను ఎండకు పట్టి,
"మంట కిందున్నది. ఎలుగు పైనుంచి వస్తున్నది.
అబద్ధం గీసిండు నా కొడుకు.
మంచి అబద్ధం."

దుకాణం పక్క గోడకు సున్నం కొట్టినం.
రైసుమిల్లు హమాలీ ఉప్పలయ్య
తల మీద అల్యూమినియం గిన్నె బోర్లించుకొని సిపాయైండు.
చిట్టీలు నడిపే రామేశం, శాలువ కప్పుకొని, రాజు.
గుమస్తాకు నన్ను పండబెట్టిండు సిమెంటు మీద.
ఎలుగు మాత్రం కిందికెల్లే పెట్టిండు, కుంపట్లకెల్లే.
అందుకని మా రాజుకు గడ్డం మెరుస్తది,
కండ్లు కనబడయి.

బోరు నీళ్ళు ముందు పండ్లకు పసుపు పూసినయి,
తర్వాత మోకాళ్ళల్లకు దిగినయి.
ఆ ఏడు సైదులన్న కుడి మోచేతికొచ్చినయి.
వేళ్ళు ముడుచుకోకపోతె
సైకిల్ ట్యూబు ముక్కతోని కుంచెను కట్టుకున్నడు.
ఒకనాడు పొద్దుగాల, ఏమనకుంట,
ట్యూబు ఇప్పి కుంచెను ఎడమచేతిలకు మార్చిండు.
ఉప్పలయ్య భుజం దాక గీతలు ఒక దిక్కు వంగుతయి,
అక్కడి నుంచి ఇంకో దిక్కు.

రోడ్డవతల ఫ్లెక్సీ మిషను
గంటకు నలుగురు రాజుల ముఖాలు దించుతున్నది.

ఆఖరు వాక్యం అప్పటిదాక చదవలే నేను.
ఆనాడు చదివిన:
అటెనుక వాణ్ణి లోకమంత
పుర్రచెయ్యోడని పిలిచింది, వాని పిల్లలను కూడ.

సైదులన్న నవ్విండు, కుంచె దించకుంట.
"వానిది నిప్పుల కాలె.
నాది నీళ్ళల్ల కాలె."

అన్ని వేసిండు గోడకు. చెయ్యి ఒక్కటి వెయ్యలే.
కుంపటి మీద జానెడు మేర
సున్నం సున్నంగనే వదిలిపెట్టిండు.
బొమ్మ మొత్తంల తెల్లటి జాగ అదే.

బీడీ ముట్టిచ్చుకుంట ఆగినోళ్ళు అడుగుతరు, చెయ్యేది?
కాలిపోయిందంటడు ఒకడు.
ఇంక వెయ్యాలెనేమో అంటడు ఇంకొకడు.

కింద ఎడమ మూలకు
నోరు తెరిచి చచ్చి పడున్న నేను
ఏమీ చెప్ప.