రివెట్ల డబ్బా

పొద్దున లేస్తానే
రివెట్ల డబ్బాలో చెయ్యి పెడతా.
కండ్లు మూసుకొని ఒకటి తీస్తా.
ఇది రివెట్టా, గుండీనా?
బొటనవేలు చెప్పాల.
ఈ పొద్దు చెప్పింది,
కొంచెం ఆలోచించుకొని.

పన్నెండేండ్లుగా రాయదుర్గంలో
జీన్సు ప్యాంట్లకు జేబులు కుడతాండా.
జేబుకింత అని లెక్క.
వంచిన తల మధ్యాహ్నం కూటికి ఎత్తేది,
లేదంటే కరెంటు పోతే.
మెడ అనేది ఒకటుందని
మొన్న మాఘంలో తెలిసింది,
భుజం మీంచి బొటనవేలి దాకా
ఎవరో కాగిన ఇస్త్రీపెట్టె ఈడ్చినట్టయి.

అనంతపురం డాక్టరు
ఫిలిం వెలుతురుకు పెట్టి చూపిచ్చినాడు.
ఐదో ఎముకకూ ఆరో ఎముకకూ నడుమ
మెత్త పిగిలి గుజ్జు బయటికొచ్చిందంట.
కుట్టు పిగిలిన దిండులోంచి
దూది తొంగి చూసినట్టన్న మాట.
ఆ దూది పోయి నరం మీద కూర్చుందంట.
"గొంతు పక్కన చిన్న కోత.
గుజ్జు తీసేసి, బిళ్ళ పెట్టి బిగిస్తాం.
మూడో రోజుకు ఇంట్లో ఉంటావు."
జిప్పు మార్చినంత సులువుగా చెప్పినాడు.

బళ్ళారిలో పెద్దాయన
సుత్తితో మోచేతులు తట్టినాడు.
తన రెండు వేళ్ళు నా చేతికిచ్చి
"గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాడు.
పట్టుకున్నా. ఆయన మొగం చిట్లించినాడు.
"బలముండాది, తొందర లేదు.
ఆరు వారాలు తల వంచొద్దు.
శానామందికి ఆ గుజ్జు దానంతటదే ముడుచుకుంటాది.
నీకూ అట్లే అవుతాదని రాసియ్యలేను."
రాసియ్యలేనన్నాడు చూడు,
ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది.

ఇంటికొస్తే మనిషికొక వైద్యం.
మా ఆడబిడ్డ హొన్నూరమ్మ
మెడ మీద కత్తి పెడితే కాళ్ళు పడిపోతాయంటాది.
సూపర్‌వైజరు రుద్రేశు
"కోయించుకో అక్కా, నెలకల్లా మిషను మీదుంటావు" అంటాడు.
వాని లెక్క వానిది.
మా ఆయన ఏమీ అనలేదు.
రాత్రి నా చేతిలోంచి నీళ్ళ బిందె తీసుకున్నాడు, అంతే.

కోతకు కార్డుందంట, రూపాయి పడదంట.
కాసుకొని ఉండేదానికే కార్డు లేదు.
ఆరు వారాల జేబులు ఎన్నో
ఏలి గణుపుల మీద లెక్కేసి
సగంలో ఆపేసినా.

గుడ్డ సంగతి నాకు తెలుసు.
కుట్టు తప్పితే విప్పుకోవచ్చు,
కత్తెర తప్పితే ఆ పీసు నా కూలీలో పట్టుకుంటారు.
అట్లని ఒకే తావున విప్పుతా కుడతా ఉంటే
గుడ్డ జల్లెడైపోతాది, అదీ తెలుసు.
మా వరసలో సుంకులమ్మ
నూనె రుద్దుకుంటా మూడేండ్లు ఓర్చింది.
ఇప్పుడు రవిక గుండీలు కోడలు పెట్టాల.
ఖాజామియా కోయించుకున్నాడు,
రెండు నెలలకే ఆటో తోలతా కనపడినాడు.
పిలిస్తే మెడ తిప్పడు,
మనిషంతా తిరుగుతాడు. నవ్వుతానే తిరుగుతాడు.

అందుకే నేనొకటి అనుకున్నా.
కసరత్తులు నేర్పే పిల్ల షబీనాకు తప్ప చెప్పలేదు.
ఆ పిల్ల గడ్డం లోపలికి లాక్కోమంటాది,
"రెండో గడ్డం కనపడాల అక్కా" అంటాది.
నాకు నవ్వొచ్చి మళ్ళా మొదటికి.

బొటనవేలు రివెట్టును కనుక్కున్నన్నాళ్ళు ఓర్చుకుంటా.
వరసగా మూడు పొద్దులు తప్పు చెప్పిందా,
చెంబు జారిందా,
నడకలో కాలు తడబడిందా,
ఆ పూటే అనంతపురం బస్సు.
రెండు చీరలు, కార్డు జిరాక్సు
సంచిలో పెట్టే ఉంచినా.

ఈ పొద్దుకు పదహారు దినాలు.
మంట మోచేతి దాకా వెనక్కి పోయింది,
నిన్న రాత్రి మళ్ళా కిందికి దిగింది.
మెడకు పట్టీ వేసుకొని గడపలో కూర్చుంటే
నేల కనపడదు, కొండే కనపడతాది.
కోళ్ళు కాళ్ళకాడికొచ్చినా తెలీదు.

ఒకటే అనుమానం.
పొద్దున సరిగ్గా చెప్పింది బొటనవేలేనా,
పక్కనుంచి నడిమివేలు అందించిందా?
పరీక్షలో పిల్లోళ్ళ మాదిరి.

రేపు నడిమివేలికి గుడ్డ చుట్టి
మళ్ళా అడగాల.