రానూ పోనూ

ఎగ్మూరులో రెండో అంతస్తు, ఒంటి గది ఆఫీసు.
జయశీలన్ బల్ల మీద దీవులు పరుస్తున్నాడు
పేకముక్కలు పంచినట్టు.
మాల్దీవులు. బాలి. లక్షద్వీప్.
అన్నిటిదీ ఒకటే నీలం,
పెళ్ళైన కొత్తలో దామోదరం కొనుక్కున్న చొక్కా నీలం,
నాలుగు ఉతుకులకే వెలిసిపోయింది.

"మీకెలాంటి దీవి కావాలమ్మా?"

పంతొమ్మిదేళ్ళుగా జనాన్ని అడిగేది నేను.
ఏ వీధి, ఎన్నో స్తంభం,
మీ ఇంటికేనా, పక్కింటికి కూడానా.
నన్నెవరూ ఎలాంటిది కావాలని అడగలేదు.
తడబడ్డాను.

కరెంటాఫీసులో ఫిర్యాదుల బల్ల నాది.
మే నెల వస్తే కొరుక్కుపేట కొరుక్కుపేటంతా
నా కుడి చెవిలో కాపురం పెడుతుంది.
రాత్రి ఒంటిగంటకు చంటిబిడ్డ ఏడుపు మీదుగా ఒక తండ్రి,
ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉందని వణికే ఒకావిడ,
కరెంటు ఉండగానే, ఉందని చెప్పడానికి
ఫోన్ చేసే చాకలిపేట రిటైర్డ్ కండక్టరు.
"లైన్ చూస్తున్నారండీ, వచ్చేస్తుంది."
ఈ మాట నిద్రలో కూడా అంటానట.
దామోదరం చెప్పాడు, నవ్వకుండా.

తొమ్మిది రోజుల సెలవుంది.
ఈ నెల దాటితే మురిగిపోతుంది.

అందుకని నేనే అడిగాను:
ఆ దీవిలో కరెంటు పోతుందా?
"ఛ ఛ, ఇరవైనాలుగ్గంటలూ జెనరేటరమ్మా!"
వద్దు.
ఫోన్?
"ఫుల్ సిగ్నల్!"
అదీ వద్దు.
పొద్దున లేవగానే ఏం టిఫినని ఎవరైనా అడుగుతారా?
"బఫే అమ్మా, నలభై రకాలు. మీ ఇష్టం."
నా ఇష్టం!
నలభైలోంచి ఒకటి ఏరడమంటే
అదీ డ్యూటీయే నాకు.

దామోదరం మాల్దీవుల కాగితం పట్టుకుని
నీళ్ళ మీది గుడిసె కింద అచ్చైన ధర చదువుతున్నాడు,
పెదాలు కదుపుతూ, సున్నాలు వేళ్ళ మీద లెక్కపెడుతూ.
కాశిమేడు ఐసు ఫ్యాక్టరీ మనిషి.
సముద్రమంటే ఆయనకు
చేపల బుట్ట వెనక నడిచొచ్చే వాసన.

"ఇక అండమాన్..." జయశీలన్ గొంతు తగ్గించాడు.
"విమానంలో రెండు గంటలు.
ఓడ కూడా ఉందిగానీ, అది మీకొద్దమ్మా,
మూడు రోజులు పడుతుంది.
నీళ్ళు తప్ప చూడ్డానికేమీ ఉండదు.
సిగ్నల్ ఉండదు.
చెయ్యడానికేమీ ఉండదు.
వాళ్ళు పెట్టిందే తినాలి, ఇంకోటి ఉండదు."

ఒక్కో 'ఉండదు'
మాడు మీద పోసిన నూనెలా
చల్లగా దిగింది.

హార్బరు నుంచి ఓడ కూత మా బల్ల దాకా వస్తుంది.
ఇన్నేళ్ళూ అదీ ఎవరిదో ఫిర్యాదనుకున్నాను.
ఏ వీధి, అని అడగబోయాను ఒకసారి.

ఓడకే రాయండి, అన్నాను.

"రానూ పోనూ ఆరు రోజులే!" అన్నాడు దామోదరం.
"మరి దీవిలో?"
ఒక పూట చాలు.
కాళ్ళకింత ఇసుక అంటించుకుని వచ్చేద్దాం,
అడిగినవాళ్ళకు చూపించడానికి.

ఆయన మాల్దీవుల కాగితం కింద పెట్టలేదు.
కాదనీ అనలేదు.

పేర్లు రాస్తుండగా ఫ్యాన్ ఆగింది.
ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని ఊరుకుంది.
కింద వీధిలో ఒకేసారి
అందరూ ఉస్సురన్నారు.
జయశీలన్ ఫోన్ తీసి నంబరు నొక్కుతున్నాడు.
ఏ నంబరో చూడక్కర్లేదు నాకు.
ఈ పూట అటువైపు కోమలవల్లి ఉంటుంది,
మజ్జిగ సీసా ఎడమ పక్కన, వాచీ విప్పి బల్ల మీద.
తను అనబోయే మాటకు
నా పెదాలు అప్పుడే విడివడ్డాయి.

మూసుకున్నాను.

ఉక్క.
జయశీలన్ లైన్లో వేచి ఉన్నాడు.
దామోదరం, నా వైపు చూడకుండానే,
మాల్దీవులతో నాకు విసరడం మొదలుపెట్టాడు.